బడి కరెంటు బిల్లు ఎవరి కంట పడాలి?

డిసెంబరు 14 జాతీయ ఇంధన పొదుపు దినోత్సవం. ఆ వారమంతా బడుల్లో వ్యాసరచన, వక్తృత్వం, చిత్రలేఖనం పోటీలు జరుగుతాయి. భౌతిక శాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి కాబట్టి, నెల్లూరు జిల్లా కావలి చుట్టుపక్కల ఇలాంటి పోటీ ఎక్కడ పెట్టినా దిద్దాల్సిన కాగితాల కట్ట నా దగ్గరికి వస్తుంది. కిందటి డిసెంబరులోనూ వచ్చింది. ‘విద్యుత్తు జాతి సంపద’, ‘గదిలోంచి బయటికి వెళ్లేటప్పుడు లైట్లు, ఫ్యాన్లు ఆపాలి’, ‘ఒక యూనిట్ ఆదా చేస్తే రెండు యూనిట్లు ఉత్పత్తి చేసినట్లే’ అంటూ దాదాపు అన్ని వ్యాసాలూ ఒకే అచ్చులో ఉన్నాయి. పిల్లల తప్పేమీ లేదు. మనం చెప్పిందే వాళ్లు రాశారు.

ఒక్క కాగితం దగ్గర మాత్రం ఆగిపోయాను. తొమ్మిదో తరగతి అమ్మాయి రాసింది. తమ గది స్విచ్ బోర్డు మీద ఎనిమిది స్విచ్చులున్నాయనీ, ఏది ఏ ఫ్యానుదో ఎవరికీ తెలియదనీ, అందుకని పొద్దున ముందు వచ్చినవాళ్లు అన్నీ వేసేస్తారనీ, వెనక రెండు వరసల్లో ఎవరూ లేకపోయినా అక్కడి ఫ్యాను సాయంత్రం దాకా తిరుగుతూనే ఉంటుందనీ దాని సారాంశం. అందులో ఒక్క నీతివాక్యం లేదు, ఉపోద్ఘాతం లేదు, చేతిరాత కూడా అంతంతమాత్రమే. మొదటి బహుమతి ఆ కాగితానికే ఇవ్వాలన్నాను. వ్యాస లక్షణాలు లేవని తక్కిన న్యాయనిర్ణేతలు ఒప్పుకోలేదు. చివరికి ప్రోత్సాహక బహుమతితో సరిపెట్టారు.

ఆ అమ్మాయి చెప్పిన దానికి ఇంజనీరు అక్కర్లేదు. ఒక మార్కర్ పెన్ను, బోర్డు మీద 1, 2, 3 అని అంకెలు, ఫ్యాన్ల కప్పుల మీద అవే అంకెలు ఉంటే చాలు. అంత చిన్న పని ఇన్నేళ్లుగా ఎవరూ ఎందుకు చేయలేదన్న ప్రశ్న మాత్రం చిన్నది కాదు. నా అభిప్రాయం ఇది: బడిలో ఇంధనం వృథా కావడానికి కారణం పిల్లల్లో చైతన్యం లేకపోవడం కాదు, స్విచ్ వేసేవాళ్లకు బిల్లు కనిపించదు, బిల్లు చూసేవాళ్లకు స్విచ్ కనిపించదు. ఈ రెండూ ఒకే చోటికి చేరనంత కాలం ఎన్ని పోటీలు పెట్టినా కాగితాలే పెరుగుతాయి.

కట్టెలు కొనేది ఎవరు?

దీనికి రుజువు బడి ఆవరణలోనే, వంటశాలలో ఉంది. మధ్యాహ్న భోజనం వండే ఏజెన్సీ వాళ్లకు పిల్లవాడికి ఇంత అని లెక్కగట్టి ఇచ్చే వంట ఖర్చులోనే పప్పు, కూరగాయలు, నూనె, వంటచెరకు అన్నీ ఇమిడి ఉంటాయి. నేను పనిచేసిన చివరి బడిలో వండే ఆమె కందిపప్పును పొద్దున రాగానే నానబోసేది, ఎసరు మీద మూత ఎప్పుడూ తీసేది కాదు, అన్నం దించిన వెంటనే ఆ నిప్పు మీదికే సాంబారు గిన్నె ఎక్కించేది. పొయ్యి చుట్టూ మూడు వైపులా మట్టితో గాలి అడ్డు కట్టుకుంది. ఇదంతా ఎవరు నేర్పారమ్మా అని అడిగితే, “నేర్పేదేముంది సార్, కట్టెలు నా డబ్బులతో కొంటా ఉండా గదా, ఊరికే మండబెడితే నాకేం మిగిలిద్ది?” అంది.

అదే ఆవరణలో, పది గజాల అవతల నీళ్ల ట్యాంకు నిండి గోడ మీదుగా కారుతుండేది. మోటారు వేసిన అటెండరు వేరే పని మీద పోయేవాడు. నీళ్ల చప్పుడు విన్న ఉపాధ్యాయుడు అది తన పని కాదనుకునేవాడు. ఒక హార్స్‌పవర్ మోటారు గంట నడిస్తే ఇంచుమించు ఒక యూనిట్ అవుతుంది. ట్యాంకులో ఫ్లోట్ స్విచ్ పెట్టిస్తే ఆ గొడవే ఉండదు. వండే ఆమెకు పర్యావరణ స్పృహ ఎక్కువనీ అటెండరుకు తక్కువనీ అనుకోవడం అన్యాయం. ఇంధనం ఖర్చు ఆమె చేతిలోంచి పోతోంది, అతనికి దాని ఊసే తెలియదు, తేడా అంతే.

మరి బడి బిల్లు ఎక్కడికి పోతుంది? మీటరు చూసేవాడు వచ్చి రీడింగు తీసి, చీటీ ఆఫీసు గదిలో ఇచ్చి వెళ్తాడు. అది ఫైలులోకి పోతుంది. చాలా ప్రభుత్వ బడుల్లో అది కట్టాల్సింది సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద బడి నిర్వహణకు ఏటా వచ్చే కాంపోజిట్ గ్రాంటు నుంచి. 101 నుంచి 250 మంది పిల్లలున్న బడికి ఆ నిబంధనల ప్రకారం వచ్చేది ఏడాదికి 50,000 రూపాయలు. సుద్దముక్కలు, రిజిస్టర్లు, ప్రయోగశాల సామాను, చిన్న చిన్న మరమ్మతులు అన్నీ అందులోనే. అంటే అనవసరంగా తిరిగే ప్రతి ఫ్యానూ ఎక్కడో ఒక ప్రయోగశాల వస్తువును తినేస్తోందన్న మాట. ఈ సంగతి ఎనిమిదో తరగతి పిల్లవాడికి అర్థమవుతుంది, చెప్పేవాళ్లుంటే.

పిల్లలకు చెమట పట్టించి చేసే పొదుపు

ఇక్కడ నాకే ఒక ఎదురు ప్రశ్న ఉంది, దాన్ని దాటేసి పోలేను. ప్రభుత్వ బడి పిల్లలకు పొదుపు చెప్పడం ఎంతవరకు న్యాయం? మొన్నమొన్నటి దాకా మన పల్లె బడుల్లో చాలావాటిలో ఫ్యానే లేదు. 2019 నవంబరు 14న ఒంగోలు పీవీఆర్ మునిసిపల్ ఉన్నత పాఠశాలలో ప్రభుత్వ బడులను బాగుచేసే ‘మన బడి నాడు–నేడు’ కార్యక్రమం మొదలైనప్పుడు, కల్పించాల్సిన సదుపాయాల జాబితాలో ఫ్యాన్లు, ట్యూబ్‌లైట్లు కూడా ఉన్నాయంటేనే అప్పటిదాకా ఉన్న స్థితి తెలుస్తుంది. ఇన్నేళ్లు ఉక్కపోతలో కూర్చున్న పిల్లలకు ఫ్యాను వచ్చీ రాగానే ‘ఆపండి’ అని చెప్పడం నాకు మింగుడుపడదు. జూన్ 12న బడులు తెరిచేనాటికి మన జిల్లాలో వేసవి ఇంకా పోయి ఉండదు. నైరుతి రుతుపవనాలు రాష్ట్రంలోకి వచ్చినా నెల్లూరుకు ఒరిగేది తక్కువ, మన వర్షాలు అక్టోబరు తర్వాతవే. కాబట్టి ఫ్యాను ఆపడం ద్వారా వచ్చే పొదుపు నాకు వద్దు. ఎవరూ కూర్చోని చోట తిరిగే ఫ్యాను, సూర్యుడు నడినెత్తిన ఉండగా వెలిగే ట్యూబ్‌లైటు, ఆదివారం కూడా చల్లబడుతూ ఉండే వాటర్ కూలర్, పాఠం అయిపోయాక కూడా వెలుగుతూ ఉండే డిజిటల్ ప్యానెల్, వీటి సంగతి వేరు.

రెండో సందేహం పరిమాణానికి సంబంధించినది. మనకు పక్కనే, కృష్ణపట్నం రేవును ఆనుకుని నేలటూరులో శ్రీ దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. అందులో 800 మెగావాట్ల యంత్రాలు మూడు. వాటిలో ఒక్కటి పూర్తి సామర్థ్యంతో నడిస్తే గంటకు 8 లక్షల యూనిట్ల కరెంటు వస్తుంది. రాష్ట్రంలోని సుమారు 44 వేల ప్రభుత్వ బడులు రోజుకు తలా 10 యూనిట్లు మిగిల్చినా, ఆ ఒక్క యంత్రం అరగంటకు కాస్త పైగా చేసే పనితో అది సమానం. ఒక బడి మిగిల్చే దానికైతే సెకనులో పదో వంతు కూడా పట్టదు. మన బడి లైట్లు ఆపితే భూగోళం చల్లబడుతుందని పిల్లలకు చెప్పడం అందుకే నాకు ఇష్టం ఉండదు. లెక్క వచ్చిన పిల్లవాడు ఒకనాడు ఈ సంగతి పట్టుకుంటాడు, ఆ తర్వాత మనం చెప్పేది ఏదీ నమ్మడు. పొదుపు చేయాల్సింది ముందు బడి డబ్బు కోసం, గదిలో హాయి కోసం. బొగ్గు మిగలడం దాని వెంట వచ్చే లాభం, అదీ అబద్ధం కాదు.

ముందు ఏది మార్చాలి?

బడి కరెంటు ఖర్చు తగ్గించాలనగానే ఈమధ్య అందరూ చెప్పే మాట బీఎల్‌డీసీ ఫ్యాన్లు, అంటే బ్రష్ లేని డీసీ మోటారుతో తక్కువ కరెంటుకు తిరిగేవి. దాత ఎవరైనా దొరికితే ముందు వాటినే కొనిపిస్తున్నారు. మంచి ఫ్యాన్లే, కాదనను. పాత ఫ్యాను 75 వాట్లు తీసుకునే చోట ఇది 30 వాట్లతో సరిపెట్టుకుంటుంది. కానీ ఇంటి లెక్క వేరు, బడి లెక్క వేరు.

12 గదులు, గదికి మూడు పాత ఫ్యాన్లు, రెండు పాత ట్యూబ్‌లైట్లు ఉన్న ఒక బడిని ఊహించుకుందాం. పాత ట్యూబుకు చోక్‌తో కలిపి 50 వాట్ల దాకా పడుతుంది. రోజుకు ఆరున్నర గంటలు అన్నీ నడిస్తే సుమారు 25 యూనిట్లు. యూనిట్‌కు 7 రూపాయలు, ఏడాదికి 220 పనిదినాలు వేసుకుంటే 38,500 రూపాయలు. ఇప్పుడు ట్యూబులన్నీ తీసి 20 వాట్ల ఎల్‌ఈడీలు పెడితే, ఒక్కోటి 250 రూపాయల చొప్పున 24 ట్యూబులకు 6,000 ఖర్చు, ఏడాదిలో మిగిలేది 7,000 పైన. అంటే పెట్టిన డబ్బు ఏడాది తిరగకుండానే వచ్చేస్తుంది. అదే 36 ఫ్యాన్లనూ 2,800 చొప్పున పెట్టి మారిస్తే ఖర్చు లక్ష రూపాయలు, ఏడాదికి మిగిలేది 16,000 చిల్లర, అసలు తిరిగి రావడానికి ఆరేళ్లు. డిసెంబరు, జనవరి నెలల్లో పొద్దుటి పూట ఫ్యాన్లు వేయరు కాబట్టి ఇంకా ఎక్కువే పట్టవచ్చు. ఇంట్లో రోజుకు పదిహేను గంటలు తిరిగే ఫ్యాను రెండు మూడేళ్లలో తన ఖరీదు తాను రాబట్టుకుంటుంది, సెలవులు పోను ఆరున్నర గంటలే తిరిగే బడి ఫ్యాను రాబట్టుకోలేదు.

అందుకని నా సలహా, ఫ్యాను పాడైనప్పుడు దాని స్థానంలో బీఎల్‌డీసీ కొనండి. తిరుగుతున్నదాన్ని పీకి పారేయకండి. ఈలోగా కండెన్సర్ మార్పించండి. బడుల్లో సగం ఫ్యాన్లు నీరసంగా తిరగడానికి కారణం కండెన్సర్ బలహీనపడటమే. ఫ్యాను గాలి సరిగా రాకపోతే పిల్లలు ఇంకొక ఫ్యాను వేస్తారు. కండెన్సర్ వంద రూపాయల లోపు వస్తువు. పెట్టెలాంటి పాత రెగ్యులేటర్లు కూడా తీసేయాలి; ఫ్యాను వేగం తగ్గించినప్పుడు మిగలాల్సిన కరెంటును అవి వేడిగా మార్చి వృథా చేస్తాయి, చేయి పెట్టి చూస్తే తెలుస్తుంది. ఇక ట్యూబ్‌లైటు కంటే చవకైనది కిటికీ. నేను చూసిన చాలా గదుల్లో కిటికీలకు అడ్డంగా బీరువాలో, చార్టులో ఉంటాయి. ‘విద్యుత్తును ఆదా చేయండి’ అన్న చార్టే కిటికీకి అంటించి, దాని కింద పట్టపగలు లైటు వేసుకున్న గదినీ చూశాను.

డిజిటల్ క్లాసు గదులకు ఏసీ పెట్టే ప్రైవేటు బడుల గురించి ఒక్క మాట. 2020 జనవరి నుంచి అమ్మే గది ఏసీలు 24 డిగ్రీల దగ్గరే మొదలవ్వాలని నిబంధన వచ్చింది. రిమోట్ అందుకున్నవాళ్లు దాన్ని వెంటనే 18కి దింపుతారు. డిగ్రీ పెంచితే కరెంటు 6 శాతం దాకా తగ్గుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతోంది. రిమోట్ ఎవరి దగ్గర ఉండాలో ఆ బడి యాజమాన్యం తేల్చుకోవాలి.

మిద్దె మీది ఎండ

గది వేడిని తగ్గించకుండా ఫ్యాన్ల గురించి మాట్లాడటం సగం మాటే అవుతుంది. మన బడులు చాలావరకు సిమెంటు శ్లాబులు. రోజంతా ఎండను తాగిన శ్లాబు మధ్యాహ్నం రెండు దాటాక కిందికి వేడిని వదలడం మొదలుపెడుతుంది. ఫ్యాను ఆ వేడిగాలినే పిల్లల నెత్తి మీదికి తోస్తుంది. మిద్దెకు తెల్ల సున్నం కొడితే లోపల రెండు మూడు డిగ్రీల తేడా కనిపిస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానమే తెచ్చింది. నెల్లూరు జిల్లాకు ఇది కొత్త సంగతి కాదు. పులికాట్ గుల్లల నుంచి కాల్చిన సున్నంతో మిద్దెలు వేసుకున్న పాత ఇళ్లు ఇప్పటికీ అక్కడక్కడా ఉన్నాయి, మే నెలలో వాటిలోకి అడుగుపెట్టినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

సున్నం వానకు కొట్టుకుపోతుంది కదా అని ఒక హెచ్చెమ్ అడిగారు. కొట్టుకుపోతుంది, పైగా పాచి పట్టి నల్లబడుతుంది కూడా. కానీ మన వానలు డిసెంబరుతో అయిపోతాయి. ఫిబ్రవరిలో కొట్టిన సున్నం ఒంటిపూట బడులకూ, జూన్ వేడికీ చక్కగా పనికొస్తుంది. మళ్లీ తుపానుల కాలం వచ్చేసరికి దాని పని అయిపోయి ఉంటుంది. ఇంకో రాష్ట్రంలో దీన్ని దండగ అనుకోవచ్చేమో గాని మన వాన క్యాలెండరుకు ఇది కుదురుతుంది. పడమటి గోడ పక్కన కానుగో వేపో పెంచడం దీర్ఘకాలపు పని, అదీ చేయాల్సిందే.

సోలార్ గురించి తప్పకుండా అడుగుతారు. మిద్దె మీద కిలోవాటుకు రోజుకు సగటున నాలుగు యూనిట్లు వస్తుంది. 5 కిలోవాట్లు పెడితే పైన చెప్పిన బడి అవసరం చాలావరకు తీరుతుంది. ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా బడి మూసి ఉన్నప్పుడు తయారయ్యే దాదాపు వెయ్యి యూనిట్ల కరెంటు నెట్ మీటరింగ్ ద్వారా లైనులోకి పోయి బిల్లులో జమ అవుతుంది, అది బడికి కలిసొచ్చే విషయమే. కానీ వృథా ఆపకుండా సోలార్ పెడితే వృథా కోసం పలకలు కొన్నట్లు అవుతుంది. పైగా ఆ పలకల మీద దుమ్ము, తీరప్రాంతమైతే ఉప్పు గాలి పేరుకుంటాయి. ఎవరు తుడుస్తారన్నది ముందే తేలాలి. ఉమ్మడి ప్రకాశం జిల్లా పశ్చిమ భాగంలో కనిగిరి లాంటి ఫ్లోరైడు ప్రాంతాల బడులకు ఆర్వో ప్లాంటు తప్పనిసరి, దానికీ మోటారుకూ పడే కరెంటును తగ్గించమని ఎవరూ అడగకూడదు. అలాంటి బడులకు సోలార్ ముందు రావాలి.

పసుపు బస్సులు

ఇంతవరకు చెప్పిందంతా కరెంటు గురించే. బడి ఇంధనం అంటే కరెంటే అనుకోవడం దగ్గరే మనం పెద్ద పొరపాటు చేస్తున్నామని నా నమ్మకం. పొద్దున ఎనిమిదింటికి కావలి నుంచి ఉదయగిరి వైపు పోయే రోడ్డు మీద నిలబడి చూడండి. ఒకే ఊరి నుంచి నాలుగు వేర్వేరు బడుల పసుపు బస్సులు, ఒక్కోదాంట్లో సగం సీట్లు ఖాళీ, ఒకదాని వెనక ఒకటి వస్తుంటాయి. వాటి పక్కనే ఆటోల్లో పిల్లలు వేలాడుతుంటారు.

లీటరుకు 5 కిలోమీటర్లు వచ్చే బస్సు రోజుకు 60 కిలోమీటర్లు తిరిగితే 12 లీటర్ల డీజిల్. అంటే వెయ్యి రూపాయలు దాటిపోయే ఖర్చు. మన 12 గదుల బడిలో అన్ని ఫ్యాన్లూ లైట్లూ రోజంతా నడిచినా అయ్యేది 175 రూపాయలు. పొగ లెక్కలోనూ అంతే: 12 లీటర్ల డీజిల్ మండితే 32 కిలోల దాకా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, 25 యూనిట్ల కరెంటు వెనక ఉండేది 18 కిలోలు. ఒక్క బస్సే మొత్తం తరగతి గదులను మించిపోతుంటే, పది బస్సులున్న బడి లైట్లు ఆపమని పిల్లలకు పోటీలు పెట్టడం చూస్తే నవ్వొస్తుంది.

బస్సులు కలుపుకుని నడపమంటే యాజమాన్యాలు ఒప్పుకోవు; బస్సు మీది బడి పేరే వాళ్లకు ప్రకటన. భద్రత మాట కూడా ఎత్తుతారు, అందులో కొంత నిజం ఉంది. కానీ తల్లిదండ్రుల చేతిలో ఉన్న పని ఒకటి ఉంది. మా పక్క ఊళ్లో ఆర్టీసీ పల్లెవెలుగు బస్సు ఏడున్నరకే వెళ్లిపోయేది, బడేమో తొమ్మిదింటికి. పిల్లలంతా ఆటోల్లో పోయేవాళ్లు. తల్లిదండ్రుల కమిటీ తీర్మానం రాసి, ప్రధానోపాధ్యాయురాలి సంతకంతో డిపోకు అర్జీ ఇచ్చి, రెండు మూడు సార్లు తిరిగితే బస్సు వేళ ఎనిమిదింబావుకు మారింది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం వచ్చాక ఆడపిల్లలకు ఆ బస్సులో టికెట్ కూడా లేదు. ఆ ఊరి నుంచి పొద్దున పోయే ఆటోలు సగానికి తగ్గాయి. ఇది ఇంధన పొదుపు అని ఆ కమిటీలో ఎవరూ అనుకోలేదు, ఆటో చార్జీల కోసం చేశారు. ఎందుకు చేస్తేనేం, డీజిల్ మిగిలింది.

నోటీసు బోర్డు

కాబట్టి బడులను నేను అడిగేది ఒక్కటే. నెలనెలా వచ్చే కరెంటు బిల్లును, ప్రైవేటు బడి అయితే డీజిల్ ఖర్చును కూడా, నోటీసు బోర్డుకు అంటించండి. పక్కనే కిందటి ఏడాది అదే నెల బిల్లు ఉండాలి, లేకపోతే వేసవికీ చలికాలానికీ తేడా తెలియక తప్పుడు నిర్ధారణకు వస్తారు. పదో తరగతిలో విద్యుత్ పాఠం చెప్పేటప్పుడు యూనిట్ల లెక్కకు పుస్తకంలోని ఊహా బల్బుల బదులు ఈ బిల్లునే తీసుకోవచ్చు. వారానికి ఒక జట్టు పొద్దున బడి మొదలయ్యేటప్పుడు, సాయంత్రం గంట కొట్టాక మీటరు రీడింగు రాసుకుంటే రాత్రిపూట ఎన్ని యూనిట్లు పోతున్నాయో బయటపడుతుంది. బడి తాళం వేసి ఉన్నప్పుడు తిరిగే మీటరును ఏ పోస్టరూ పట్టుకోలేదు.

దీని మీద ఉపాధ్యాయ మిత్రులు ఇద్దరు ముగ్గురు అభ్యంతరం చెప్పారు. ఇప్పటికే మరుగుదొడ్ల ఫోటోలు, భోజనం ఫోటోలు, హాజరు యాప్‌లు అంటూ ఊపిరాడటం లేదు, ఇక మీటరు ఫోటో కూడా మొదలవుతుందా అన్నారు. వాళ్ల భయం సబబే. పై అధికారులకు పంపే ఇంకో లెక్కగా మారిన రోజున దీని ప్రాణం పోతుంది, అంకెలు రాసేవాడు అంకెలే రాస్తాడు. ఈ బిల్లు చూడాల్సింది బడిలో ఉన్నవాళ్లు, తల్లిదండ్రుల కమిటీ సమావేశానికి వచ్చినవాళ్లు. జిల్లా కార్యాలయం దాకా పోవాల్సిన పని లేదు.

ఇంకొకరు అడిగింది మరీ సూటి ప్రశ్న: బిల్లు తగ్గితే వచ్చే ఏడాది గ్రాంటు కూడా తగ్గిస్తారేమో? కాంపోజిట్ గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి వస్తుంది, బిల్లును బట్టి కాదు. ట్యూబులు మార్చి ఏడు వేలు మిగిల్చిన బడికి ఆ ఏడు వేలు బడిలోనే ఉంటాయి. వాటిలో కొంత దేనికి ఖర్చు పెట్టాలో పిల్లలనే తేల్చమని నేను ఆయనకు చెప్పాను. వాళ్ల జాబితాలో మొదటిది ఫుట్‌బాలు అవుతుందని ఆయన అంటున్నారు, కావచ్చు.